పక్క పెట్టె

షిప్పింగ్ బాబాయి ఆఫీసులో నేను అరిచిన అరుపులకి కింది అంతస్తులోని జిరాక్స్ షాపతను మెట్లెక్కి వచ్చి, తొంగి చూసి దిగిపోయాడు. అరవడం నాకు కొత్తేమీ కాదు. కోపం నా ముక్కు మీదే కాపురం పెట్టిందని మా ఆయన పెళ్ళైన మొదటి నెలలోనే కనిపెట్టాడు. ఆ రోజు న్యాయం కూడా నా వైపే ఉందన్న ధైర్యం తోడవడంతో గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది.

న్యాయానికి సాక్ష్యంగా నా చేతిసంచిలో ఒక ఉత్తరం ఉంది. మేము పసిపిల్లల బొంతలు కుడతాం. మెత్తటి నూలుగుడ్డ మూడు పొరలుగా పరిచి చేత్తో కుట్టే బొంతలు. మా ఇంటివాళ్ళం కాక పదకొండు మంది ఆడవాళ్ళు పని చేస్తారు. సముద్రం అవతల ఒక దుకాణం ఆవిడ కిందటేడు మొదటిసారి మా బొంతలు తెప్పించుకుంది. పెట్టెలు విప్పగానే భరించలేని వాసన కొట్టిందని, నెల్లాళ్ళు గాలికి ఆరబెట్టాక గానీ అమ్మకానికి పెట్టలేకపోయానని రాసింది. కుట్టు బాగుంది కాబట్టి ఇంకొక్కసారి తెప్పించుకుంటానంది. ఈసారి కూడా అదే వాసనైతే ఇక సెలవు అని చివర రాసింది. ఆవిడ మానేస్తే పదకొండు మందిలో ఆరుగురిని పనిలోకి రావద్దని చెప్పాలి. ఏ ఆరుగురికి చెప్పాలా అని ఆలోచించిన రోజు నాకు అన్నం సయించలేదు.

బాబాయి అంటే సొంత బాబాయి కాదు, మా నాన్న స్నేహితుడు. మాలాంటి చిన్నాచితకా వాళ్ళ సరుకుని ఓడ ఎక్కించడం ఆయన పని. ఎక్కించడానికి రెండు దార్లున్నాయి. సరుకు తక్కువైతే పది మంది పెట్టెలూ ఒకే కంటైనర్లో సర్దుతారు, ఎవరు ఆక్రమించిన చోటుకి వాళ్ళు కట్టుకుంటారు. ఎక్కువైతే కంటైనర్ మొత్తం ఒక్కరే తీసుకుంటారు. వ్యాపార భాషలో వీటికి మూడేసి అక్షరాల పేర్లున్నాయి గానీ మా ఇంట్లో మాత్రం వాటా కంటైనర్, సొంత కంటైనర్ అంటాం. కిందటిసారి వాటాలో పంపాం. ఆ వాటాదార్లలో ఒకాయన టైర్ల వ్యాపారి అని బాబాయే మాటల సందర్భంలో అన్నాడు. ఉత్తరం అందిన రోజు నుంచీ ఆ టైర్లు నా బుర్రలో దొర్లుతూనే ఉన్నాయి.

"పసిపిల్లలు కప్పుకునే బొంతల పక్కన టైర్లు పెట్టడానికి నీకు మనసెలా ఒప్పింది బాబాయ్? ఈసారి నాకు సొంత కంటైనరే కావాలి" అన్నాను.

ఆయన ఓపిగ్గా పాత క్యాలెండర్ కాగితం తిరగేసి ఇరవై అడుగుల కంటైనర్ బొమ్మ గీశాడు. అందులో ఒక మూల నా సరుకుని అగ్గిపెట్టెంత గీశాడు.

"చూడమ్మాయ్, నీ వంద అట్టపెట్టెలూ కలిపితే ఏడు ఘనపు మీటర్లు. దీంట్లో ఇరవయ్యారు దాకా పడతాయి. నీ సరుకు పధ్నాలుగో పదిహేనో దాటితే సొంతది తీసుకోమని నేనే చెప్తా. ఇప్పుడు తీసుకున్నావంటే నువ్వు పంపేది ముప్పాతిక వంతు గాలి."

వాటాలో చిక్కులు లేవని ఆయన అనలేదు. గోదాములో పది చేతులు మారుతుంది, మిగతావాళ్ళ సరుకు వచ్చేదాకా ఆగాలి, ఒక్కరి కాగితాలు తప్పైనా అందరి సరుకూ నిలబడిపోతుంది అని వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. సొంతదైతే కంటైనర్ మన గుమ్మంలోకే వస్తుంది, మన కళ్ళ ముందే సీలు పడుతుంది, మళ్ళీ కొన్నవాళ్ళ గుమ్మంలోనే తెరుచుకుంటుంది. నా చెవికి ఆ చివరి మాటే ఎక్కింది. సొంత కంటైనర్ ఇప్పిస్తే తనకే ఎక్కువ మిగులుతుందని, అయినా వద్దంటున్నానని ఆయన చెప్పిన మాట ఎక్కలేదు. పైపెచ్చు, టైర్ల సంగతి కప్పిపుచ్చడానికే ఈ పాఠమంతా అని కూడా అనేశాను. ఆయన పెన్నుకి మూత పెట్టేసి, సరే బుక్ చేస్తాను, శుక్రవారం దాకా మనసు మార్చుకోవచ్చు అన్నాడు.

ఇంటికొచ్చి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను. ఈ సరుకు వెళ్ళాక కూలి పెంచుతానని అంతకు ముందే మాటిచ్చి ఉన్నాను. ఆ పెంపు ఇప్పట్లో కుదరదని, మిగిలేదంతా కంటైనర్‌కే పోతుందని చెబితే అందరూ సూదుల్లో దారాలెక్కించుకుని పనిలో పడ్డారు. పోట్లాడి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

మా కార్ఖానా అంటే ఇంటి వెనక రెండు గదులు. మొదటి గదిలో పాత తలుపొకటి రెండు బల్లల మీద పడుకోబెట్టి, దాని మీద మా ఆయన గుడ్డ కత్తిరిస్తాడు. చుట్టూ చాపల మీద కుట్టేవాళ్ళు కూర్చుంటారు. తయారైన ప్రతి బొంతనీ మా అత్తగారు చెంపకి ఆనించి నాలుగు వైపులా తిప్పి చూస్తుంది. దారం ముడి ఎక్కడైనా గుచ్చుకుందా, ఆ బొంత వెనక్కే. రెండో గదిలో గోడల వెంట అరలు, అరల నిండా అట్టపెట్టెలు. బొంతలు లెక్కపెట్టి పెట్టెకి పన్నెండు చొప్పున సర్దడం మా తోడికోడలి పని. మా మరిది పెళ్ళాం అన్నమాట. ఇంట్లో అందరం చిన్నకోడలనే పిలుస్తాం.

ఆ చిన్నకోడలికి మూడో నెల. వేవిళ్ళతో పది రోజులుగా రెండో గది గడప తొక్కడం లేదు. పోపు ఘాటు భరిస్తుంది, వీధి చివర మురుగుకాలవ పక్కనుంచి నడిచొస్తుంది, ఆ గదిలోకి మాత్రం వెళ్ళలేనంటుంది. పని తప్పించుకోవడానికి కడుపులో బిడ్డని అడ్డం పెట్టుకుంటోందని వేళాకోళం చేశాను. నేనైతే తొమ్మిదో నెలలో కూడా మిషను తొక్కానని నలుగురి ముందూ అన్నాను. అది నిజం కాదు, ఏడో నెలలోనే మానేశాను. మా అత్తగారు నా వైపొక చూపు చూసి ఊరుకుంది.

ఆ మాటకి రోషం వచ్చి చిన్నకోడలు లేచి గదిలోకి వెళ్ళింది. ఒక పెట్టె మూత ఎత్తిందో లేదో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తి కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. అత్తగారు నీళ్ళిచ్చి వీపు నిమిరింది. నేను కాస్త బెదిరి, ఆ గదిలో బొంతలు తప్ప ఏమున్నాయమ్మా అని అడిగాను.

"కలరా ఉండలక్కా. ఆ వాసన మీకెవరికీ తెలియట్లేదా? నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇల్లంతా అదే వాసన. మీ చీరలక్కూడా. మొహమాటపడి చెప్పలేదు. తర్వాత నాకూ అలవాటైపోయింది. ఇదిగో, మళ్ళీ ఇప్పుడు తెలుస్తోంది."

నేను సంచిలోంచి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. భరించలేని మందు వాసన అని ఉంది. టైర్ల మాట గానీ రబ్బరు మాట గానీ అందులో ఎక్కడా లేదు. టైర్లు నా బుర్రలోంచి వచ్చినవే.

నాలుగేళ్ళ కిందట పురుగు పట్టి నలభై బొంతలు చిల్లులు పడ్డాయి. ఆ కోపంలో ప్రతి పెట్టెలోనూ కలరా ఉండలు వేయాలని శాసనం చేసింది నేనే. పెట్టెకి ఒకటి చాల్లే అని అత్తగారంటే వినకుండా రెండేసి వేయించాను, గుడ్డపీలికలో మూటగట్టి మరీ. అప్పట్నుంచీ ఆ వాసనలోనే తింటున్నాం, ఆ వాసనలోనే పడుకుంటున్నాం. ఇంట్లో ఉన్న ముక్కుల్లో ఒక్కటి కూడా దాన్ని వాసనగా లెక్కవేయడం మానేసి ఎన్నాళ్ళైందో తెలియదు. సొంత కంటైనర్ తీసుకుని ఉంటే, నా వాసనకి నేనే సీలు వేయించి పంపి ఉండేదాన్ని.

మా ఆయన కత్తెర పక్కన పెట్టి, "అయితే ఏడాది నుంచి టైర్లాయనకి పెట్టిన శాపాలన్నీ ఇప్పుడు ఎవరికి తగలాలి?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఆ తలుపుబల్ల కింద దూరిపోవాలనిపించింది. చిన్నకోడలి దగ్గరికెళ్ళి తొమ్మిదో నెల సంగతి అబద్ధమని ఒప్పుకున్నాను. అత్తయ్య ముందే చెప్పిందక్కా అంది.

ఆ పూటే వంద పెట్టెలూ విప్పేశాం. రెండు వందల ఉండలు మూటలతో సహా ఒక బకెట్లో పోగుచేస్తే సగం బకెట్టు నిండింది. మేడ మీదా, పక్కింటి మేడ మీదా తాళ్ళు కట్టి పన్నెండు వందల బొంతలు ఎండలో వేశాం. నాలుగు రోజులు ఉదయం వేయడం, సాయంత్రం తీయడం. గది అరలు సబ్బునీళ్ళతో కడిగి, బొంతలు మళ్ళీ అక్కడ పెట్టకుండా ఇంటి ముందు వసారాలో మడతపెట్టాం. కుట్టేవాళ్ళు మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయని మూలిగారు గానీ, సొంత కంటైనర్ తప్పిపోతే కూలి పెంపు మళ్ళీ తిరిగొస్తుందని నేను చెప్పకుండానే లెక్క వేసుకున్నారు. మేడ మీద పాటలు కూడా వినిపించాయి.

శుక్రవారం పొద్దున్నే బాబాయి ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి మెట్లు నెమ్మదిగా ఎక్కాను. జరిగింది జరిగినట్టు చెప్పి, నిన్ను అనరాని మాటలన్నాను బాబాయ్, వాటా కంటైనర్లోనే పెట్టించు అన్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. టైర్లాయనకి కూడా క్షమాపణ చెప్పాలా అని అడిగితే, నువ్వు తిట్టిన సంగతే ఆయనకి తెలియదు, తెలియనివ్వకు అన్నాడు. తర్వాత లేచి, బీరువాలోంచి కిందటేటి ఫైలు తీసి చాలాసేపు తిరగేశాడు.

"ఆ కంటైనర్లో నీ పెట్టెల పక్కన టీపొడి వెళ్ళిందమ్మాయ్" అన్నాడు చివరికి.

ఊళ్ళోనే ఒకాయన టీపొడి కలిపి ప్యాక్ చేస్తాడట. మొదటిసారి ధైర్యం చేసి అరవై పెట్టెలు బయటికి పంపాడు. మందు వాసన వస్తోందని కొన్నవాళ్ళు అక్కడే పారబోయించారు. ఆ తర్వాత ఆయన ఎగుమతి మాట ఎత్తలేదట. కారణం ఏమిటో బాబాయికి ఇన్నాళ్ళూ అంతుపట్టలేదు.

"నేనైతే ఆయనకి చెప్పను. చెప్పాలో వద్దో నీ ఇష్టం" అన్నాడు బాబాయి.

రెండు రోజులు ఆ మాటని మోసుకుని తిరిగాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆయన పదిమందికీ చెబుతాడు, మా బొంతల పక్కన పెట్టెలు పెట్టడానికి ఈ ఊళ్ళో ఒక్క వ్యాపారీ ఒప్పుకోడు. వాటా దొరకదు, సొంతది తీసుకునే సత్తా లేదు. దుకాణం ఆవిడ ఇచ్చిన ఆ ఒక్క అవకాశం గోదాము గుమ్మంలోనే పోతుంది. ఇన్ని తెలిసీ ఎందుకు వెళ్ళానంటే, ఏడాదిపాటు నేను ఎవరినో తిట్టుకున్నాను కదా, ఆయన కూడా ఎక్కడో కూర్చుని ఎవరినో తిట్టుకుంటూ ఉంటాడని అనిపించింది. ఆ తిట్లు సరైన చిరునామాకి చేరడమే మంచిదనుకున్నాను.

ఆయన గది బజారు వెనక సందులో ఉంది. సగం దించిన షట్టరు కింద వంగి లోపలికి వెళితే పొడుగాటి బల్ల, దాని మీద టీ రుచి చూసే తెల్ల కప్పుల వరస. ఆ కప్పులు బోర్లించి ఉన్నాయి. వాటి మీద దుమ్ము కూడా పేరుకుంది. అరవై దాటిన మనిషి, ఓ మూల స్టూలు మీద కూర్చుని సంచులకి చీటీలు అంటిస్తున్నాడు. టీ కలిపేది ఇప్పుడు అల్లుడని, తను చీటీలు మాత్రమే చూస్తానని అడగకుండానే చెప్పాడు.

నిలబడే మొత్తం చెప్పేశాను. కూర్చుంటే మధ్యలో ఆగిపోతానని భయం. బొంతలు, ఉండలు, పెట్టెకి రెండేసి, ఆయన పెట్టెల పక్కనే మావి. చెప్పడం అయ్యాక తిట్ల కోసం తల వంచుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన చేతిలో చీటీ ఆయన వేలికే అంటుకుపోయి ఉంది.

"కలరా ఉండలా? నిజంగా?" అని అడిగాడు.

నిజమేనన్నాను. ఆయన చీటీ పీకేసుకుని లేచి నిలబడ్డాడు.

"వాళ్ళు మందు వాసన అన్నారు తల్లీ, రబ్బరు అనలేదు. కాబట్టి కంటైనర్లో ఉన్న టైర్ల తప్పు కాదని నాకప్పుడే తెలుసు. పంపిన పొడిలో కొంచెం నా దగ్గర దాచుకున్నాను కదా, అది వాసన చూశాను. వందసార్లు చూశాను. నాకు టీ వాసన తప్ప ఇంకేమీ తగల్లేదు. ఇక ఏమనుకుంటాను? నా ముక్కు పోయిందనుకున్నాను. నలభై ఏళ్ళు ఈ ముక్కుతో బతికినవాణ్ణి, ఆ రోజు నుంచీ కప్పు పట్టుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. నేను తిట్టుకోవడానికి టైర్లాయనైనా దొరికాడు. ఈ పెద్దమనిషి ఎవరినీ తిట్టుకోకుండా ఏడాదిపాటు తన ముక్కునే అనుమానిస్తూ కూర్చున్నాడు. క్షమించమని అడిగాను. అరవై పెట్టెలు ఊరికే రాలేదమ్మా, కోపం లేదంటే అబద్ధమే అన్నాడు. అలా అంటూనే వెళ్ళి కప్పుల్లో ఒకదాన్ని తిరగేసి, పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

వచ్చే ముందు అడగాల్సింది అడిగాను. శనివారంలోగా మా పెట్టెలు గోదాముకి చేరాలి. మా ఇంట్లో ఎవరి ముక్కునీ నమ్మలేను, చిన్నకోడల్ని వంద పెట్టెల మధ్య నిలబెట్టలేను. మీరొచ్చి వాసన చూసి చెప్పండి, బాగాలేదంటే పంపను అన్నాను. ఆయన తుడిచిన కప్పు బల్ల మీద పెట్టి, రేపు పొద్దున ఏమీ తినకుండా వస్తానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. పచ్చిమంచినీళ్ళు కూడా వద్దన్నాడు. వసారాలో కొత్త పెట్టెలూ పాత పెట్టెలూ కలిపి వందా వరసలుగా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మూత ఎత్తడం, తల లోపలికి వంచడం, కళ్ళు మూసుకోవడం, మూత దించడం. పది పెట్టెలకొకసారి వీధిలోకి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చేవాడు. ఆడవాళ్ళు సూదులు ఆపేసి ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. పరీక్ష ఫలితాల కోసం గోడ దగ్గర నిలబడ్డ పిల్లల్లా ఉన్నారందరూ.

డెబ్భై పెట్టెలు కుడివైపు పెట్టించాడు. ముప్పై ఎడమవైపు. ఆ ముప్పయ్యీ పనికిరావన్నాడు.

నా కోపం మళ్ళీ ముక్కు మీదికి వచ్చేసింది. అవే బొంతలు, అదే ఎండ, ముప్పైకి మాత్రం ఏం రోగమని అడిగాను. ఆయన ఒక బొంత తీసి నా మొహానికి ఆనించి, తర్వాత దాన్ని పెట్టిన అట్టపెట్టె ముక్క చింపి చేతికిచ్చాడు.

"బొంత బాగానే ఉంది. పెట్టెకే ఉంది వాసన. ఇవి పాతవేనా?"

పాతవే. కొత్త అట్టపెట్టెలు ఆ రోజుకి డెబ్భయ్యే దొరికాయి. గట్టిగా ఉన్నాయి కదా, వీటికేం తక్కువ అని పాతవాటిలో ముప్పై నేనే దాచి వాడించాను. అత్తగారు వద్దంది కూడా. ఈసారి అరవలేదు. అరిచే ముందే మా అత్తగారి వైపు చూశాను, ఆవిడ నవ్వు ఆపుకోవడానికి బొంత చెంపకి అడ్డం పెట్టుకుంది. మా ఆయన్ని అట్టపెట్టెల కొట్టుకి తరిమాను. ఆ ముప్పై పెట్టెల బొంతలు ఇంకో రెండు రోజులు ఎండ చూశాయి. గురువారం ఆయన మళ్ళీ పరగడుపున వచ్చాడు. ముప్పయ్యీ చూసి, కుడివైపు పెట్టండి అన్నాడు. పదకొండు మంది ఒక్కసారే ఊపిరి వదిలారు.

శనివారం గోదాములో సరుకు దించుతుంటే నేను పక్కనే ఉన్నాను. బాబాయి లెక్క చూసుకుంటున్నాడు. గాజు సీసాలవాళ్ళవి వచ్చాయి, పెన్సిళ్ళవాళ్ళవి వచ్చాయి, ఇనప మేకులవాళ్ళవి వచ్చాయి. అందరూ మా అంత చిన్నవాళ్ళే, ఒక్కొక్కరూ తమ పెట్టెల చుట్టూ పెళ్ళివారిలా తిరుగుతున్నారు. ఏడాదిగా నేను పరాయివాళ్ళంటూ ఈసడించుకున్నది వీళ్ళనే.

అప్పుడు ఒక ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. టీపొడాయన దిగాడు. వెనక పన్నెండు పెట్టెలున్నాయి. పాత కొనుగోలుదారుకి తనే ఫోను చేసి, జరిగింది చెప్పి, నమూనాగా ఇవి మాత్రం ఒప్పించుకున్నాడట. కలిపింది అల్లుడు కాదు, తనే. లోపల ఈసారి వెండిరేకు సంచులు వాడానన్నాడు. బాబాయి ఆయన పెట్టెల్ని సీసాల అవతల, కంటైనర్ తలుపు దగ్గర పెట్టించబోయాడు. నేనైతే ఆ ఏర్పాటే బాగుందనుకున్నాను. మళ్ళీ నావల్ల ఏమన్నా అయితే తట్టుకోలేను.

"అక్కడొద్దు. ఆవిడ పెట్టెల్ని ఆనించి పెట్టండి" అన్నాడాయన.

గోదాము కూలీలు నా వైపు చూశారు. ఏదో ఒకటి అనాలని, మీ టీ వాసన నా బొంతలకి పడితేనో అన్నాను. పడితే ఆ పిల్లలు పుట్టగానే మంచి టీ వాసన చూసినవాళ్ళవుతారు అన్నాడు. పన్నెండు పెట్టెలూ మా పెట్టెల పక్కన ఒక్క వేలి సందు లేకుండా సర్దారు. మిగతా సరుకు కూడా ఎక్కాక తలుపులు మూసి సీలు వేశారు.

నలభై ఒక్క రోజులు పట్టింది. పెన్సిళ్ళవాళ్ళ కాగితంలో ఏదో అంకె తప్పుపడి అవతలి రేవులో అందరి సరుకూ ఐదు రోజులు ఆగింది. వాటా అంటే ఇదీ ఉంటుందని బాబాయి ముందే చెప్పాడు కాబట్టి తిట్టుకోలేదు, అంటే గట్టిగా తిట్టుకోలేదు.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం దుకాణం ఆవిడ దగ్గర్నుంచి ఫోనులో సందేశం వచ్చింది. పెట్టెలు విప్పామని, నూలు వాసన తప్ప ఇంకేమీ లేదని, వచ్చే విడత దీనికి రెండింతలు కావాలని. రెండింతలంటే పధ్నాలుగు ఘనపు మీటర్లు. ఆరుగురిలో ఎవరినీ మానిపించక్కర్లేదు, ఇంకో ముగ్గురిని వెతుక్కోవాలి. ఎగిరి గంతెయ్యాల్సింది. గదిలో పదకొండు మంది తలలు వంచుకుని కుడుతున్నారు, మా ఆయన గుడ్డ పరుస్తున్నాడు, నేను మాత్రం ఫోను కొంగులో చుట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఒకే కంటైనర్లో వెళ్ళిన ఆ పన్నెండు పెట్టెల సంగతి తెలియకుండా నా వందకి సంతోషించడం నాకు చేతకాలేదు. కిందటిసారి కూడా నా బొంతలు చివరికి అమ్ముడయ్యాయి, పారబోసింది ఆయన టీనే కదా.

ఫోను చేసి అడిగే ధైర్యం లేదు. ఎండ వసారాలోంచి గోడ మీదికి జరిగింది. చిన్నకోడలికి ఐదో నెల వచ్చింది. ఏమైందక్కా అలా ఉన్నావని రెండుసార్లు అడిగింది. తలనొప్పన్నాను. అయిదింటికి కుట్టేవాళ్ళు సూదులు దిండుకి గుచ్చి లేవబోతుండగా ఫోను మోగింది. టీపొడాయన.

అవతల కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"టీ టీలాగే ఉందట తల్లీ" అన్నాడు.

కూర్చోండి, ఎవరూ వెళ్ళకండి అని ఆడవాళ్ళతో అన్నాను. అరిచాననుకుంటాను, పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు.